బావ వేలికి అంటిన పసుపు

పొద్దున దుకాణం తెరిచి, అగరుబత్తి వెలిగించి, కంప్యూటర్ ముందు కూర్చోగానే తెర మూలన ఒక చిన్న డబ్బా లేచింది. తమంతట తాము లేచే డబ్బాలంటే నాకు గిట్టదు. లాటరీ తగిలిందంటాయి, బ్యాంకు ఖాతా ఆగిపోతోందంటాయి, ఏదీ పారకపోతే వైరస్ దూరిందని బెదిరిస్తాయి. మూసేద్దామని బాణం గుర్తును అక్కడిదాకా తీసుకుపోయాను కూడా. అప్పుడు కనిపించింది ఆట పేరు. నాలుగేళ్ళ కింద నేనూ మా బావా కలిసి కొని, కలిసి ఆడి, దాని పుణ్యమా అని కలవకుండా పోయిన అంతరిక్షం ఆట. దాని పేరు ఇక్కడ రాయను. దానికి జరగాల్సిన ప్రచారం ఎప్పుడో జరిగిపోయింది. ఆ ఆట తయారుచేసినవాళ్ళు ఇన్నాళ్ళకు మేలుకొని అందులోని లోపాలు సవరించారట. సవరించిన వాటి జాబితా కింద ఉందట. చూస్తే చాంతాడంత ఉంది. వానాకాలం, బేరాల్లేని రోజులు, చదవడానికి అడ్డొచ్చే పనేమీ లేదు. చదువుకుంటూ పోతే ఎక్కడో మధ్యలో ఒక వాక్యం దగ్గర నా చూపు ఆగింది. ఒకే కంప్యూటర్ మీద ఇద్దరు వంతులవారీగా ఆడుతున్నప్పుడు, ఒకరి వంతు ముగిసి ఇంకొకరి వంతు మొదలయ్యే లోపల కొన్ని ఓడలు మాయమవుతున్నాయని, ఆ పొరపాటును సరిచేశామని, కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నామని దాని సారాంశం. నాకు వచ్చిన ఇంగ్లీషు మీద నాకే నమ్మకం లేక ఫోనుకు చూపించి తెలుగు చేయించాను. అదీ అదే చెప్పింది, కాకపోతే ఓడలను పడవలు అన్నది.

అంటే నా ఓడలు మా బావ ఎత్తుకుపోలేదు. ఇంత చిన్న మాట ఒప్పుకోవడానికి నాకు ఒక చెంబెడు నీళ్ళు, పావుగంట సమయం పట్టాయి.

నా అనుమానం సంగతి ముందు చెప్పాలి, లేకపోతే ఈ కథలో నేను ఉత్త దుర్మార్గుడిలా కనిపిస్తాను. మాది ఆర్మూరు. పసుపు చూడటం నా వృత్తి. బయటి ఊళ్ళ వ్యాపారులు ఇక్కడి పసుపు కొనాలంటే, వాళ్ళ తరఫున సంచి ముందు నిలబడి ఇది మంచిది, ఇది కాదు అని చెప్పే మనిషిని. కొమ్ము విరిస్తే టక్కుమనాలి. మెత్తగా వంగిందంటే లోపల తడి ఉన్నట్టు. విరిగిన చోట రంగు చూడాలి, వాసన చూడాలి, గోరుతో గీకి చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, చెయ్యి మోచేతి దాకా సంచిలోకి దించి అడుగున ఉన్నది పైకి తీయాలి. పైన పెళ్ళికొడుకులాంటి కొమ్ములుంటాయి, అడుగున అతని తరఫు చుట్టాలుంటారు. రైతులు మోసగాళ్ళని కాదు. ఎండబెట్టేటప్పుడు మబ్బు పట్టిన రోజు, కూలీలు దొరకని రోజు, ఇంట్లో పెళ్ళి పడ్డ రోజు, అన్నీ ఆ అడుగుకే చేరతాయి. ముప్ఫై ఏళ్ళు సంచుల అడుగులు చూసిన చెయ్యి ఇంటికొచ్చాక ఊరికే ఉండదు. కూరగాయల బుట్ట అడుగు చూస్తాను. చుట్టాల మాటల అడుగు చూస్తాను. "నీకు దేవుడు ప్రత్యక్షమైతే గూడ ఆధార్ కార్డు అడుగుతవు" అంటుంది నా భార్య. ఇదివరకు నవ్వుతూ అనేది, ఈ నాలుగేళ్ళ నుంచి నవ్వకుండా అంటోంది.

ఈ గుణం నాకు మా నాయన ఇచ్చిన ఆస్తి. ఆయన కల్లంలో ఆరబోసిన పసుపును సాయంత్రం కుప్ప చేసి, దాని చుట్టూ జల్లెడ పట్టిన బూడిదతో సన్నటి గీత గీసేవాడు. వడ్ల రాశి అయితే అక్కడక్కడ తడిమట్టి ముద్దలు పెట్టి, వాటి మీద చెక్క ముద్ర ఒత్తేవాడు. తెల్లారి లేచి ముఖం కడుక్కోకముందే గీత చెరిగిందేమో, ముద్ర పగిలిందేమో చూసుకునేవాడు. గీత మీద పిల్లి అడుగు పడితే ఆ పిల్లి ఎవరింటిదో తేలేదాకా ఆయనకు అన్నం సహించేది కాదు. తూకం దగ్గర ఆయన ఒక మాట అనేవాడు: "కాంటా దొంగతనం చెయ్యది బిడ్డా, కాంటా పట్టుకున్నోడు చేస్తడు." ఈ మాట నేను వృత్తిలో ఎన్నిసార్లు వాడుకున్నానో లెక్కలేదు. ప్రతిసారీ పనికొచ్చింది, ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారి గురించే ఇదంతా.

మా బావ దీనికి సరిగ్గా తిరగేసిన మనిషి. మా అక్క భర్త. గల్ఫులో పద్నాలుగేళ్ళు మోటార్లు బాగుచేసి వచ్చి, నా దుకాణానికి రెండు గల్లీల అవతల మోటారు వైండింగ్ షాపు పెట్టుకున్నాడు. ముందు షాపు, వెనక ఇల్లు. కాలిపోయిన మోటారు తెచ్చిన రైతు ఏది చెబితే అది నమ్ముతాడు. నిన్ననే కాలింది అంటే నిన్ననే. నేనేమీ ముట్టుకోలేదు అంటే ముట్టుకోలేదనే. పానా అడిగినవాడికి పానా ఇస్తాడు, తిరిగి అడగడు. గల్ఫులో ఆయన గదిలో పై మంచం మీద పడుకునే ఒక కేరళ మనిషి ఈ ఆట నేర్పాడట. అది పాత ఆట. నేను చెప్పబోయే కొత్త ఆట దాని తర్వాతది. శుక్రవారం సెలవు, బయట మాడ్చే ఎండ, ఇద్దరూ గదిలో కూర్చుని నక్షత్రాలు పంచుకునేవాళ్ళట. తిరిగి వచ్చేటప్పుడు అందరూ కంబళ్ళు, అత్తరు సీసాలు తెస్తారు. మా బావ వాటితోపాటు ఆ ఆట కూడా తెచ్చాడు. నాకు అత్తరు ఇచ్చాడు, ఆట నేర్పాడు. అత్తరు రెండు పెళ్ళిళ్ళకు అయిపోయింది.

తెలియనివాళ్ళ కోసం ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఆకాశం నిండా చుక్కలుంటాయి. ఒక చుక్క చుట్టూ తిరిగే గ్రహం ఒకటి మన వంతుకు వస్తుంది. అక్కడ పంట పండించాలి, గనులు తవ్వాలి, ఓడలు కట్టాలి, ఆ ఓడల్లో మనుషుల్ని పక్క చుక్కలకు పంపి కొత్త ఊళ్ళు వేయాలి. ఎదుటివాడూ అదే పని చేస్తుంటాడు. సరిహద్దులు తగిలినచోట పొత్తో, పోరో. యాభై దాటిన ఇద్దరు మగవాళ్ళు లేని నేల కోసం కొట్లాడటం ఏమిటని మొదట నాకు నవ్వొచ్చింది. రెండు వారాలకు ఆ నవ్వు పోయింది. ఆ నేలకు పట్టా పుస్తకం అక్కర్లేదు, పాలివాళ్ళ పంచాయితీ లేదు, గట్టు జరిపేవాళ్ళు లేరు. మాకు వానాకాలమే తీరిక. పసుపు బేరాలు ఎండాకాలంతో ముగిసిపోతాయి. వానలు పడ్డాక నీళ్ళు పారించే పని తగ్గి మోటార్లు కాలడమూ తగ్గుతుంది. అందుకని ఆషాఢం నుంచి దసరా దాకా మధ్యాహ్నం భోజనాలయ్యాక మా బావ నా దుకాణానికి వచ్చేవాడు. కంప్యూటర్ ఒక్కటే కాబట్టి వంతులు. ఒకరు ఆడుతుంటే రెండోవాళ్ళు బయట రేకుల కింద కూర్చోవాలి, ఎత్తుగడ చూడకూడదు. ఒకరి భాగం ఇంకొకరు తెరవకుండా ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళకుంది. మా అక్క కూడా చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని వచ్చి ఆ రేకుల కిందే బీడీలు చుట్టేది. బయట ఎవరుంటే వాళ్ళకు ఆమెతో ముచ్చట. పాత ఆట అలా మూడు వానాకాలాలు నడిచింది. నేను దేని అడుగూ చూడకుండా గడిపిన గంటలు నా జీవితంలో ఉన్నాయంటే అవే.

తర్వాత కొత్త ఆట వస్తోందని ప్రకటన వచ్చింది. అందులో బొమ్మలు చూస్తే కళ్ళు చెదిరేవి. లెక్కకు అందని చుక్కలు, ఒక్కో గ్రహానికి ఒక్కో జాతి, వాళ్ళకు పండుగలు, పగలు, పొత్తులు. మా బావ ఆ వీడియోను తాను చూడటమే కాక, షాపుకొచ్చిన రైతులకు కూడా చూపించేవాడు. వాళ్ళు మర్యాదకు తలూపి, "మోటరెప్పుడైతది మేస్త్రీ?" అని అడిగేవాళ్ళు. ఆట విడుదల కాకముందే కొనుక్కోవచ్చన్నారు. నాకు అక్కడే చెవి నిక్కబొడుచుకుంది. "చూడని ఎద్దుకు బయానా ఇయ్యద్దు బావా" అన్నాను. "పేరున్నోళ్ళు బామ్మర్ది, మోసం చెయ్యరు" అన్నాడు ఆయన. ఇదిగో అదిగో అంటూ రెండేళ్ళు గడిపారు. ఆ రెండేళ్ళూ పాత ఆట ముట్టనివ్వలేదు, కొత్తది వచ్చాక ఒకేసారి ఆడుకుందామని. చివరకు ఒక ఆషాఢంలో అది రానే వచ్చింది. ఆ రోజు మా బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. అక్క భక్ష్యాలు చేసి తెచ్చింది. నేను కుర్చీ తుడిచి పెట్టాను.

మొదటి గంట బాగానే ఉంది. ఆ తర్వాత ఒక గ్రహంలో జనాభా సున్నా కన్నా తక్కువ చూపించింది. ఇంకా పుట్టనివాళ్ళు కూడా ఊరు విడిచి వెళ్ళిపోయారన్నమాట. విత్తనం వేయకముందే పంట కోతకొచ్చిందని కబురొచ్చింది. కోతకు మనుషుల్ని పంపితే అక్కడ గ్రహమే లేదని ఇంకో కబురొచ్చింది. సంధి కోసం వచ్చిన రాయబారికి తల వెనక్కి తిరిగి ఉంది. మాటలు మాత్రం తియ్యగా మాట్లాడాడు. నేను సంతకం పెట్టలేదు. మధ్యమధ్యలో తెర మొత్తం నల్లబడిపోయేది, ఆర్పి మళ్ళీ వెలిగించాలి. అలా వెలిగించిన ప్రతిసారీ మా బావ చేతులు కట్టుకుని నిలబడేవాడు, దవాఖానలో డాక్టరు గది బయట నిలబడ్డట్టు. "కొత్తగ కట్టిన ఇల్లు గదా బామ్మర్ది, తలుపులు జర బిగుతుంటయి" అన్నాడు. "తలుపుల సంగతి కాదు బావా, దీనికి గోడలే లెవ్వు" అన్నాను. ఆయన నవ్వాడు కానీ ముఖం చిన్నబోయింది. రెండేళ్ళు ఎదురుచూసింది ఆయన. నేను అనుమానంతో ఉన్నాను కాబట్టి నాకు పోయిందేమీ లేదు. ఇంకా చెప్పాలంటే, నా అనుమానం నిజమైనందుకు లోపల కొంచెం సంతోషంగా కూడా ఉంది. ఇది ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

అయినా వదలకుండా ఆడాం. మా బావ వదలనివ్వలేదు, సర్దుకుంటుంది అనేవాడు. రెండో వారంలో నా ఓడలు తగ్గడం మొదలైంది. నా పెద్ద చుక్క దగ్గర పన్నెండు ఓడలు నిలిపి బయటికి వెళ్తే, తిరిగి నా వంతు వచ్చేసరికి పదకొండున్నాయి. మరునాడు తొమ్మిది. యుద్ధం జరిగిన గుర్తు లేదు, కబురు లేదు. బుద్ధి ఉన్నవాడెవడైనా ఏమనుకోవాలి? పుట్టనివాళ్ళు వలస పోయే ఆటలో, గ్రహాలే మాయమయ్యే ఆటలో, ఓడలు కూడా అలాగే పోయుంటాయని అనుకోవాలి. నేను అలా అనుకోలేదు. కాంటా దొంగతనం చెయ్యదు కదా. యంత్రానికి తప్పులుంటాయి, దురాశ ఉండదు. అది నా పంటను చెడగొట్టవచ్చు కానీ నా ఓడలు తీసుకుని ఏం చేసుకుంటుంది? ఓడలు ఎవరికి పనికొస్తాయో వాళ్ళే తీసి ఉండాలి. ఆకాశం మొత్తంలో నా ఓడలు పనికొచ్చేవాడు ఒక్కడే ఉన్నాడు, వాడు నేను బయట రేకుల కింద కూర్చున్నంతసేపూ లోపల ఒంటరిగా కంప్యూటర్ ముందుంటాడు. నా పాస్‌వర్డ్ కొడుతున్నప్పుడు నా వేళ్ళు ఎటు పోతున్నాయో చూసి ఉంటాడు. ఇంత తర్కం నాకు ఒక్క చాయ్ తాగేలోపు కుదిరిపోయింది. గమనించారో లేదో, మా బావను ఈ వాక్యాల్లో "వాడు" అనేశాను. ఆ రోజే నా మనసులో అలా అయిపోయాడు.

నిఘా పెట్టాను. నాయన బూడిద గీత కంప్యూటర్‌లో గీయడం కుదరదు కాబట్టి ఓడలనే ముగ్గులా పేర్చాను, మూడు, నాలుగు, అయిదు వరుసలుగా, ఆ అంకెలు క్యాలెండర్ వెనక రాసుకుని. తిరిగొచ్చేసరికి మూడు, మూడు, అయిదు. బయట కూర్చున్నప్పుడు నా స్కూటర్‌ను అద్దం లోపలికి కనిపించేట్టు నిలిపాను. అద్దంలో మా బావ వీపు, ఆయన చెవి గోక్కోవడం తప్ప ఏమీ కనిపించలేదు. చెవి ఎందుకు గోక్కుంటున్నాడని దాన్నీ లెక్కలోకి తీసుకున్నాను. ఆయన తన వంతు ముగించి నవ్వుతూ వస్తే, దొరకని దొంగ నవ్వు అనుకున్నాను. నవ్వకుండా వస్తే, దొరికిపోతానని భయం అనుకున్నాను. "మస్తు మజా వస్తుంది ఇయ్యాల" అని ఆయన ఒకసారి అంటే ఆ రాత్రి అన్నం సగంలో లేచాను. అనుమానంతో చూస్తే మంచి మనిషి ముఖంలో కూడా ఎన్ని దొంగలెక్కలు కనిపిస్తాయో అప్పుడు చూశాను.

చివరకు నాకొక ఉపాయం తట్టింది, పసుపు మనిషికి తట్టాల్సిన ఉపాయమే. నా పాస్‌వర్డ్‌లో ఒక అక్షరం ఉంది. ఆటలో దానితో వేరే పనేమీ లేదు. నా వంతు ముగించి లేస్తూ ఆ మీట మీద మెత్తటి పసుపు చిటికెడు రాశాను. నా భాగం తెరవాలంటే ఆ మీట నొక్కాలి, నొక్కితే వేలికి అంటుతుంది. ఇంతకన్నా మంచి వల ఏ పోలీసూ పన్నలేడని నాలో నేనే మెచ్చుకుంటూ బయటికొచ్చి అక్క పక్కన కూర్చున్నాను. ఆమె ఏదో చెబుతోంది, వినలేదు. అరగంటకు మా బావ బయటికొచ్చి, "నీ వంతు బామ్మర్ది" అని చెయ్యి చాచి లోపలికి చూపించాడు. ఆ చాచిన చేతి చూపుడు వేలు పచ్చగా ఉంది. లోపలికి పరుగెత్తి చూస్తే మీట మీద పసుపు లేదు. ఎక్కువేం ఆలోచించలేదు. వెనక్కొచ్చి ఆయన మణికట్టు పట్టుకుని, వేలు పైకెత్తి మా అక్కకు చూపించాను. "చూడక్కా, దొంగ దొరికిండు. రోజు నా జహాజులు ఎవరు తీస్తున్నరో చూడు" అన్నాను. గట్టిగానే అన్నాను. పక్క దుకాణంలోంచి ఒక తల బయటికొచ్చి లోపలికి పోయింది.

మా బావ తన వేలు తానే మొదటిసారి చూస్తున్నట్టు చూసుకున్నాడు. జవాబు అక్క చెప్పింది. "పొద్దుగాల రాగితీగ తెగి వేలు కోసుకపోతె నేనే పెట్టిన పసుపు. ఆర్మూర్ల పసుపు అంటని వేలు ఎవ్వనిదన్న ఉన్నదార తమ్మీ? నీ చెయ్యి చూస్కోరాదు." చూసుకున్నాను. మోచేతి దాకా పచ్చగానే ఉంది, ముప్ఫై ఏళ్ళుగా ఉన్నట్టే. బల్ల మీద ఫ్యాను తిరుగుతోందని, మెత్తటి పసుపు దానికి ఎగిరిపోయి ఉంటుందని కూడా అప్పుడే తట్టింది. తట్టింది కానీ మనిషి మెడ ఒకసారి బిగుసుకున్నాక సులువుగా వంగదు. భార్య భర్తను వెనకేసుకురాదా అని ఒక పక్క మనసు అంటూనే ఉంది. నేను పట్టుకున్న చెయ్యి మా బావ మెల్లగా విడిపించుకున్నాడు. నల్లా దగ్గరికి వెళ్ళి కడుక్కున్నాడు. పసుపు పోయి, కింద కోసుకుపోయిన గీత ఎర్రగా కనిపించింది. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. అక్క ఆకులు, తంబాకు చాటలో సర్దుకుని లేచింది. "గల్ఫుల పద్నాలుగేండ్లున్నడు. దేశంగాని దేశం. ఒక్కడు గూడ దొంగ అనలేదు. నా తమ్ముడన్నడు" అన్నది. ఆ మాట అని నా ముఖం కూడా చూడకుండా పోయింది.

ఇది జరిగిన కొద్దిరోజులకే రాఖీ. ఆ పండుగకు అక్క ఒక్క ఏడు కూడా తప్పలేదు. బావ గల్ఫులో ఉన్న రోజుల్లో, వానలో తడుస్తూ కూడా పొద్దున్నే వచ్చి కట్టిపోయేది. ఆ రోజు నేను స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, ఎవరి కోసమూ ఎదురుచూడనట్టు పేపరు పట్టుకుని గడప దగ్గర కూర్చున్నాను. పదకొండింటికి పోస్టుమన్ వచ్చాడు. కవరు అటూ ఇటూ తిప్పి చూసి, "ఏంది సార్, పంపినోళ్ళ అడ్రసు గీ రెండు గల్లీల అవతలదే ఉన్నది?" అని అడిగాడు. అందులో రాఖీ ఉంది, చిన్న పొట్లంలో అక్షింతలున్నాయి, ఉత్తరం లేదు. తమ్ముడి చేతికి రాఖీ లేకుండా ఉండకూడదు, కానీ తమ్ముడి గడప తొక్కకూడదు. మా అక్క రెండూ నిలబెట్టుకుంది. నేనే ఎడమ చేత్తో, ముడి కొసను పళ్ళతో పట్టుకుని కట్టుకున్నాను. నా భార్య వంటింట్లోంచి చూసి కూడా సాయం రాలేదు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడం ఎందుకు, వచ్చింది.

ఆ తర్వాత మూడు రాఖీలూ పోస్టులోనే వచ్చాయి. మాటలు పూర్తిగా పోలేదు. చావులకూ పెళ్ళిళ్ళకూ కలిసేవాళ్ళం. మా బావ "బాగున్నవా" అనేవాడు, నేను "బాగున్న" అనేవాణ్ణి, తర్వాత ఇద్దరం వేరే ఎవరితోనో పని ఉన్నట్టు తలలు తిప్పుకునేవాళ్ళం. ఆయన నా దుకాణం మెట్టు ఎక్కలేదు. తప్పయింది అనడానికి నాకు అవకాశాలు రాక కాదు. ప్రతిసారీ ఆ పచ్చటి వేలు కళ్ళ ముందుకొచ్చి, నిజంగా తీసి ఉంటే, అని అడిగేది. ఆటను మళ్ళీ తెరవలేదు, తీసేయనూ లేదు. ఎక్కడ ఆగిపోయిందో అక్కడే దాచిపెట్టాను. ఎందుకు దాచావంటే, రుజువు. ఎప్పటికైనా పనికొస్తుందని.

ఈ రోజు ఆ జాబితా కాగితం మీద అచ్చు తీసి, జేబులో పెట్టుకుని, తుంపరలో రెండు గల్లీలు నడిచాను. మా బావ షాపులో కూర్చుని రాగితీగ చుడుతున్నాడు. చుట్టేటప్పుడు చుట్లు లెక్కపెట్టుకోవాలి, మధ్యలో మాట్లాడితే లెక్క తప్పి మొదటికొస్తుంది. అందుకని కళ్ళతోనే స్టూలు చూపించాడు. పెదవులు కదులుతున్నాయి, తీగ తిరుగుతోంది. ఆ లెక్క తెమిలేదాకా కూర్చోవడం నాకు చాలా కష్టమైంది. చుట్టడం అయ్యాక దారం కట్టి, కళ్ళజోడు పైకి నెట్టి, నేనిచ్చిన కాగితం తీసుకున్నాడు. నేను వేలు పెట్టి చూపించిన వాక్యం చదివాడు. మెల్లగా మళ్ళీ చదివాడు.

"తప్పయింది బావా" అన్నాను.

ఆయన కాగితం మడిచి నాకిచ్చాడు. "నాయి గూడ పోయినయి" అన్నాడు.

"ఏవి?"

"జహాజులు. నీయి పోవుడు షురూ గాకముందుకెళ్ళే పోయినయి."

"మరి ఒక్కనాడన్న చెప్పలేదేంది?"

"నువ్వు తీస్తున్నవనుకున్న."

ఆయన గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. "నీకు ఓడిపోవుడు చేతగాదు బామ్మర్ది. చిన్నప్పటికెళ్ళి గంతేనని మీ అక్క గూడ అంటది. తీస్కుంటె తీస్కోనీ, పరాయోడా అనుకున్న. ఆఖరికి నేనే రోజు రెండెక్కువ కట్టి నీ సరిహద్దు కాడ పెట్టేటోణ్ణి, కాపలా లేకుంట. నీకు అల్కగ దొరకాలె గదా" అన్నాడు.

నాలుగేళ్ళుగా నేను మోసపోయినవాణ్ణనే అనుకుంటూ బతికాను. ఆయన ఆ రోజుల్లో నన్ను దొంగనే అనుకున్నాడు, అనుకుని నా కోసం ఓడలు కట్టాడు. మస్తు మజా వస్తోందని అన్నది వాటి గురించేనేమో. ఎదుటివాడు దొంగ అని మా ఇద్దరికీ అనిపించింది, అనిపించాక చేసిన పనుల్లోనే తేడా. ఆ స్టూలు మీద నాకు తల ఎత్తడం చేతకాలేదు. లోపల్నుంచి అక్క గొంతు వినిపించింది. "చాయ్ తాగుతడా అడుగు" అంటోంది, నాతో కాదు, బావతో. తాగుతానని నేనే చెప్పాను. ఆమె గ్లాసు తెచ్చి, నా ముందు పెట్టకుండా చేతికిచ్చి, నా ముఖం కాసేపు చూసి, "సన్నవడ్డవు" అన్నది.

మధ్యాహ్నం మా బావ వచ్చాడు. నాలుగేళ్ళ తర్వాత నా దుకాణం మెట్టెక్కాడు. కొత్త మార్పులు ఎక్కించుకుని మొదట్నుంచి ఆడదామన్నది ఆయనే. ఇంకా సర్దుకుంటుందనే నమ్మకం ఆ మనిషికి. నేను డబ్బా తెరిచాను. ఎక్కించుకునే ముందు ఒక హెచ్చరిక వచ్చింది: ఇవి ఎక్కిస్తే దాచిపెట్టిన పాత ఆటలు ఇక తెరుచుకోవు. నా చెయ్యి ఆగింది. ఏం దాచుకోను, అప్పుడు కూడా ఆగింది. ఆయన చెప్పింది నిజమేనా, నన్ను సిగ్గుపరచడానికి అల్లాడా అని పాత బుద్ధి లోపల్నుంచి గొణిగింది. పాత ఆట ఒక్కసారి తెరిస్తే చాలు. ఆయన భాగంలోకి పోయి సరిహద్దు చూస్తే, కాపలా లేని ఓడలు ఉన్నాయో లేవో, ఆయన రోజూ ఎన్ని కట్టించాడో తేలిపోతుంది. పక్కన కూర్చున్న మా బావకు నా చెయ్యి ఎందుకు ఆగిందో అర్థమైంది. "చూసుకుంటవా? నా పాస్‌వర్డ్ చెప్త" అన్నాడు మామూలుగా, పానా కావాలా అని అడిగినట్టు.

"వద్దు బావా" అన్నాను. అని, సరే అన్న చోట నొక్కాను. తెర మీద పచ్చ గీత నిదానంగా ఒక కొస నుంచి ఇంకో కొసకు పాకింది. నేను నాలుగేళ్ళు దాచుకున్న రుజువు అలా పోయింది. దానితోపాటు ఆయన కట్టిన ఓడలకున్న సాక్ష్యమూ పోయింది. ఇక మిగిలింది ఆయన మాట ఒక్కటే. నా వృత్తిలో మాట మీద సరుకు తీసుకోవడం ఇదే మొదలు.

మొదటి వంతు ఆయనది. నేను లేచి బయటికొచ్చి రేకుల కింద కూర్చున్నాను. వాన జోరందుకుంది, అక్క చాట పట్టుకుని ఇప్పుడే బయలుదేరదు. ఆయనకు అరవై దాటాయి, నాకూ దగ్గర పడుతున్నాయి. ఇలా వంతు కోసం కూర్చునే వానాకాలాలు ఇంకెన్ని ఉన్నాయో తెలియదు. పోయిన నాలుగింటిని మాత్రం ఎవరూ ఎత్తుకుపోలేదు, నేనే పారేసుకున్నాను.